ఇనపవల తీసిన మధ్యాహ్నం

కథ ఎక్కడ ఆగిందో ఒకసారి గుర్తు చేసుకుందాం. హేచరీలో ఒక్కరోజు వయసున్న కోడిపిల్లల్ని దీపం కింద తిప్పి చూసి, పుంజుల్ని ఒక పెట్టెలో, పెట్టల్ని ఇంకో పెట్టెలో వేసే పని ఆమెది. పంతొమ్మిదేళ్ళుగా ఆ చూపుకి తిరుగులేదు కాబట్టి అక్కడ అందరూ ఆమెను భూతద్దం అంటారు. ఐదు నెలల కిందట తను వేరుచేసిన నలభై పెట్టపిల్లల్ని అక్కకి తెచ్చి ఇచ్చింది. వాటిలో ఏడు పుంజులుగా తేలాయి. నూటికి రెండు తప్పుల వరకే మన్నించే పనిలో నలభైకి ఏడు! కొంతకాలంగా దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తున్నా ఎవరికీ చెప్పని మనిషి, ఆ ఏడింటినీ చూసి ఇంక తన కళ్ళ సంగతి దాగదనుకుంది. వాటిని హేచరీకి పట్టుకెళ్ళి మార్చుకొస్తానని బావ లేచాడు. అక్కడికి వెళ్తే కళ్ళ పరీక్ష అంటారు. పరీక్షంటే దీపం ముందు కుర్చీ పోయినట్టే. అందుకని, "ఏడూ ఇక్కడే కలిసి బతికేట్టు నేను చేస్తాను బావా" అని మాట ఇచ్చింది. ఆ తర్వాత పుంజులు రక్తాలు వచ్చేలా కొట్టుకున్నాయి. "ఇంకొక్క చుక్క పడిందో, బుట్టలో వేసుకుని బయల్దేరతా" అన్నాడు బావ.

ఆ మాట నిలబడేదీ పోయేదీ ఈ మధ్యాహ్నం తేలుతుంది.

*

అక్క వంటింటి మెట్టు మీద చీపురు పట్టుకుని కూర్చుంది. ఊడ్చే ఉద్దేశం చీపురుకీ లేదు, అక్కకీ లేదు.

"అది లోపల పెట్టెయ్యక్కా."

"ఎందుకే? అడ్డం పడాల్సొస్తే చేతిలో ఏదో ఒకటి ఉండద్దూ?"

"అడ్డం పడకూడదనే చెప్తున్నా."

"పోయినసారి నేను పడకపోయుంటే మీ కవిగారికి సంతాపసభ పెట్టాల్సొచ్చేది."

భూతద్దం నవ్వలేదు. దొడ్డి మధ్యలో గోడ నుంచి గోడకి కట్టిన ఇనపవల ముడులు ఒక్కొక్కటే విప్పుతోంది. సన్నటి తీగ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తోందో కంటికి ఆనడం లేదు. వేళ్ళతో తడిమి కొస దొరకబుచ్చుకుంటోంది. అక్క చూస్తోందని తెలుసు. అందుకని తల వంచి, చూసి విప్పుతున్నట్టు నటిస్తోంది.

పుంజుల పేర్లు బావ పెట్టినవి. అందరికన్నా ముందు దాణా దగ్గరికి వచ్చి, అందరికన్నా ఆఖరున తిని, దొడ్డంతా చేతులు వెనక్కి కట్టుకున్నట్టు తిరిగే నల్లపుంజు హెడ్మాస్టరు. ఎవరు కొట్టుకున్నా మధ్యలో దూరి ఇద్దరిచేతా తన్నులు తినే ఎర్రది వకీలు. వేళాపాళా లేకుండా కూసే గోధుమరంగుది కవి. మిగిలిన నాలుగూ గోడ అవతలి సందులో ఉంటాయి. వాటిని బావ విడివిడిగా పిలవడు. మొత్తం కలిపి హాస్టలు అంటాడు.

హాస్టలు ఆలోచన హేచరీలో తల్లికోళ్ళ షెడ్డు చూసే తాతది. ముప్పైమూడు పెట్టలకి మూడు పుంజులు చాలునని, మిగతావాటిని పెట్టలు కంటపడని చోట ఉంచమని చెప్పాడు. పోటీపడడానికి కారణం ఎదురుగా లేకపోతే పుంజుకీ పెద్ద పౌరుషం ఉండదన్నాడు. చెప్పినట్టే జరిగింది. గోడ అవతల నాలుగూ రెండు రోజులు ఒకదాన్నొకటి కొలుచుకుని, మూడోరోజు నుంచి ఒకే కర్ర మీద వరసగా కూర్చుని కునుకు తీయడం మొదలుపెట్టాయి. చిక్కంతా కవితోనే వచ్చింది. నిజానికి ఆ చిక్కు తెచ్చింది కవి కాదు, భూతద్దమే.

మొదటిసారి కొట్టుకున్నప్పుడు హెడ్మాస్టరు కవి తలమీది ఎర్రజుట్టు చీల్చేసింది. ఆమె చూడలేకపోయింది. పరుగెత్తి కవిని ఎత్తుకుంది. స్నానాలగదిలో బకెట్టు పక్కన గడ్డి పరిచి, మందు రాసి, అరచేతిలో గింజలు పెట్టి నాలుగు రోజులు సాకింది. హేచరీకి వెళ్ళొచ్చే దారిలో పొద్దున్నా సాయంత్రం అక్క ఇంటికి వచ్చి చూసుకుంది. ఆ నాలుగు రోజులూ ఆ ఇంట్లో అందరూ పక్కింటికి వెళ్ళి స్నానాలు చేశారు. ఐదోరోజు జుట్టు మానిందని మళ్ళీ దొడ్లో దింపింది. హెడ్మాస్టరు సంగతి సరే, అంతవరకూ కవి జోలికే రాని వకీలు కూడా మీద దూకింది. అక్క చీపురుతో అడ్డం పడింది అప్పుడే.

ఆ సంగతి చెప్తే తాత పకపకా నవ్వాడు. "నాలుగు రోజులు తీసేశావా? ఇంకేముంది, వాడు వాళ్ళకి ఊరూ పేరూ తెలీని కొత్తోడు. నువ్వేమో వాణ్ణి కాపాడానని అనుకుంటున్నావు."

"రక్తం కారుతుంటే చూస్తూ కూర్చోమంటావా తాతా?"

"పారిపోడానికి చోటు లేకపోతే ఆపు. కిందపడ్డవాణ్ణి ఇంకా పొడుస్తుంటే ఆపు. అంతేగానీ, ఓడిపోతున్నవాణ్ణి పూర్తిగా ఓడిపోనియ్యి తల్లీ. సగం ఓటమిలో ఎత్తుకుపోతే, ఎవరు పెద్దో ఎవరు చిన్నో ఇద్దరికీ తెలీదు. మళ్ళీ మొదట్నించీ తేల్చుకోవాలి."

ఆ మాట ఆమెతో పాటు ఇంటికి వచ్చింది. ఇద్దరు గొంతు పెంచితే చాలు, ఆమెకి ఓర్చుకోవడం చేతకాదు. చిన్నప్పటి నుంచీ అంతే. ఎవరి వాదన ఎవరూ పూర్తి చేయకుండా మధ్యలో దూరి, నవ్వించో ఏడిచో ఆపేసేది. మంచిపిల్ల అనేవాళ్ళు. ఆపేసిన ఆ మాటలన్నీ ఎక్కడికి పోయి ఉంటాయో ఆమె ఎన్నడూ అడగలేదు. కవిని స్నానాలగదిలో దాచినప్పుడు కూడా దాచింది ఒక్క కవినేనా అని ఒక అనుమానం వచ్చింది కానీ, దాన్ని అక్కడే వదిలేసింది.

మరి హాస్టల్లో వేయచ్చుగా అంది అక్క. అక్కడా కవి కొత్తదే. పైగా ఆ ఇరుకు సందులో ఐదోది పడితే సర్దుకున్న నాలుగూ చెడిపోతాయి. అందుకని తాత చెప్పినట్టు దొడ్డికి అడ్డంగా ఇనపవల కట్టి, ఒక పక్క కవిని, రెండో పక్క మిగతా సంసారాన్నీ తొమ్మిది రోజులు ఉంచింది. ఒకరికొకరు కనిపించాలి, అందకూడదు. మొదటి రెండు రోజులు హెడ్మాస్టరు వలకి అడ్డంగా పడి ముక్కు నొప్పి పెట్టేదాకా పొడిచింది. ఐదోరోజుకి విసుగెత్తింది. ఏడోరోజు కవి కూస్తే తలెత్తి కూడా చూడలేదు.

"ముడులన్నీ ఊడాయి" అంది భూతద్దం. "అక్కా, ఒట్టు పెట్టు. నేను చెప్పేదాకా కదలనని."

"ఒట్టు సరే. మీ బావ గేటు దగ్గర లేడుగా?"

"దాణా కొట్టుకి వెళ్ళాడన్నావు."

"వెళ్ళి చాలాసేపైంది. ఆ మనిషి దాణాకి వెళ్తే ఊరందరి క్షేమసమాచారం తెస్తాడు, దాణా తప్ప."

దాణా ముందే ఏడెనిమిది చోట్ల కుప్పలుగా పోసి ఉంది, ఒక్క కుప్ప కోసం ఎవరూ కాపలా కాయకుండా. నీళ్ళ పళ్ళాలు రెండు, దొడ్డి ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి. మూలల్లో ఇరుక్కుపోకుండా మూలలకి అడ్డంగా పాత చెక్కపెట్టెలు, వాటి వెనకనుంచి దూరి బయటపడే దారి. ఇదంతా పొద్దున్నుంచీ ఆమె ఒక్కతే సర్దింది. వల చుట్టేసి గోడకి ఆనించి, అక్క పక్కన మెట్టు మీద వచ్చి కూర్చుంది.

మొదట ఏమీ జరగలేదు. వల ఉన్నచోట ఇంకా వల ఉన్నట్టే రెండువైపులా ఆగిపోయాయి. ఒక పెట్ట ఆ గీత దాటింది. దాని వెనక ఇంకోటి. అప్పుడు హెడ్మాస్టరు తల తిప్పింది.

కవి కదలలేదు. హెడ్మాస్టరు నడిచి వచ్చి రెండడుగుల దూరంలో నిలబడింది. రెండింటి మెడ ఈకలూ విచ్చుకున్నాయి. తలలు ఒకే ఎత్తున, ముక్కుకి ముక్కు ఎదురుగా. ఇంతలో హఠాత్తుగా హెడ్మాస్టరు తల వంచి నేలమీద లేని గింజను పొడిచింది. కవి కూడా పొడిచింది. మళ్ళీ తలలెత్తాయి. మళ్ళీ లేని గింజలు ఏరుకున్నాయి.

"ఆకలేస్తోందా వీటికి?" అక్క గుసగుసగా అడిగింది.

"కాదు. భయం. కొట్టడానికీ భయం, పారిపోడానికీ భయం. ఏం చెయ్యాలో తోచక తింటున్నట్టు నటిస్తున్నాయి."

"మీ బావ కూడా అంతే, అడిగినదానికి జవాబు లేకపోతే మంచినీళ్ళు తాగుతాడు."

హెడ్మాస్టరు ఎగిరింది. రెండు ఛాతీలు గాల్లో ఢీకొన్న చప్పుడు తడిబట్ట బండకేసి కొట్టినట్టు వినిపించింది. అక్క లేచింది. భూతద్దం ఆమె మణికట్టు పట్టుకుని కిందకి లాగింది. రెండోసారి ఎగిరాయి. ఈకలు రాలాయి. వకీలు పరుగెత్తుకొచ్చి, ఎవరి తరఫో తేల్చుకోలేక చుట్టూ తిరిగింది. మూడోసారి కవి ఎగరలేదు. పక్కకి తిరిగింది. హెడ్మాస్టరు దాని మెడ మీద ఒక పోటు పొడిచింది. కవి తల పూర్తిగా కిందకి వంచేసి, నేలకి రాసుకుంటున్నట్టు నడిచి, చెక్కపెట్టె వెనక్కి వెళ్ళిపోయింది.

"ఆపనా?" అంది అక్క.

"ఊఁహూఁ."

హెడ్మాస్టరు పెట్టెదాకా వెళ్ళింది. లోపలికి తొంగి చూసింది. అది వెనక్కి తిరిగి, పెట్టెమీదికెక్కి, రెక్కలు టపటపా కొట్టి ఒక్క కూత కూసింది. దిగి వచ్చి దాణా తినసాగింది. కాసేపటికి పెట్టె అవతలి దారినుంచి కవి బయటికొచ్చి, అన్నిటికన్నా దూరంగా ఉన్న కుప్ప దగ్గర నిలబడి, అటూ ఇటూ చూసి, మొదటి గింజ పొడిచింది. నిజం గింజే.

రక్తం లేదు.

"అంతేనా?" అంది అక్క, కొంచెం నిరాశగా కూడా.

"అంతే. తేలిపోయింది."

భూతద్దానికి ఒళ్ళంతా తేలికైంది. ఇంక బుట్ట లేదు, హేచరీ ప్రయాణం లేదు. దీపం ముందు కుర్చీ ఇంకొన్నాళ్ళు ఉంటుంది. ఆ 'ఇంకొన్నాళ్ళు' అన్న మాటలో ఉన్న మోసం తనకి తెలుసు. అయినా దాన్నే పట్టుకుని కూర్చుంది.

*

కవి ఎడమకాలు కుంటుతోంది.

దెబ్బ తగిలిందేమోనని భూతద్దం గంప కప్పి పట్టుకుంది. దెబ్బ కాదు. తొమ్మిది రోజులు నీళ్ళపళ్ళెం పక్కనే తిరిగి, వేళ్ళకి బురద అంటి, ఎండి, గోలీకాయలా గట్టిపడింది. ఒళ్ళో పెట్టుకుని గోరువెచ్చని నీళ్ళలో కాలు ముంచింది. బురద కొంచెంకొంచెంగా కరిగింది. వేళ్ళ మధ్య బొటనవేలితో రాస్తూ శుభ్రం చేస్తుంటే, బయటి వేలికీ మధ్య వేలికీ నడుమ ఉన్న పల్చటి తోలులో చిన్న చిల్లు తగిలింది.

ఆమె చెయ్యి ఆగింది.

పెట్టె నిండాక మూత వేసేముందు ప్రతి పిల్లకీ కాలివేళ్ళ సందులో చిల్లు కొడతారు, చిన్న కత్తెరలాంటి దానితో. ఏ సందులో చిల్లు ఉంటే ఆ పెట్టె వాళ్ళది. తర్వాత తప్పు తేలితే ఎవరి చూపు పొరపాటో ఆ చిల్లే చెప్తుంది. ఎదిగేకొద్దీ కొన్నిటికి పూడిపోతుంది, చాలావాటికి ఉండిపోతుంది. ఆమెది కుడికాలు, లోపలి సందు. పంతొమ్మిదేళ్ళుగా అదే.

ఇది ఎడమకాలు. బయటి సందు.

వెలుతురులోకి తిప్పి చూసింది. కనపడలేదు. తోలంతా ఒకే పసుపుమసక. కళ్ళు మూసుకుని మళ్ళీ వేలితో చూసింది. ఉంది. కుడికాలు తడిమింది. రెండు సందుల్లోనూ నున్నగా ఉంది. ఎక్కడా ఏమీ లేదు.

ఆ ఎడమ బయటి సందు హేచరీలో ఒక్కరిదే. ఏడు నెలల కిందట చేరి, ఇంకా పర్మనెంటు కాని అమ్మాయిది. తను దగ్గర కూర్చోబెట్టుకుని పని నేర్పిన అమ్మాయి. అక్క కూతురు.

ఆ క్షణంలో ఆమెకి కలిగింది సంతోషం. దాచుకోవడానికి వీల్లేనంత సంతోషం. నా తప్పు కాదు. నా కళ్ళు కాదు. నలభైకి ఏడు నావి కావు. గుండె చిన్నపిల్లలా గెంతింది. మరుక్షణం ఆ గెంతిన గుండెని తనే బయటనుంచి చూసింది. కూతురిలాంటి పిల్ల తప్పు చేసిందని తెలిసి ఇంత ఆనందపడే మనిషి తన లోపల ఇన్నాళ్ళూ ఎక్కడ కూర్చుని ఉందో అర్థం కాలేదు. చెవులు వేడెక్కాయి. తలెత్తి అక్కవైపు చూసే ధైర్యం లేక, కవిని వదిలి, గంపతో వకీలుని పట్టుకుంది. ఎడమకాలు. బయటి సందు. చిల్లు.

మూడోదానికోసం గోడ అవతలికి వెళ్ళబోయింది.

"ఇంక చాల్లేవే" అంది అక్క మెట్టు మీదనుంచి. "ఎన్ని పట్టుకున్నా అంతే. అన్నిటికీ ఎడమకాలే."

గంప చేతిలో ఉండగానే ఆమె వెనక్కి తిరిగింది.

"నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నించి?"

"పుంజులు కూతలు మొదలెట్టిన వారం నుంచీ. మా అమ్మాయి వచ్చి నా ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చినప్పటి నుంచీ."

"నెల దాటిందక్కా." గంప కింద పెట్టింది. "నెలపైగా నేను నిద్రపోలేదు. గోడమీది కాలెండరు ముందు నిలబడి ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ, ఏ అంకె దాకా కనిపిస్తుందో చూసుకున్నా. నువ్వు చూస్తూ ఊరుకున్నావు. కూతురికోసం చెల్లెల్ని..."

"ఆగు."

"ఏం ఆగేది? ఎప్పుడూ నేనే ఆగాలా?"

"ఆగద్దులే, అను. అనాల్సిందంతా అనేసెయ్. ఆ తర్వాత నేను చెప్తా." అక్క చీపురు పక్కన పడేసింది. ముప్పైమూడు పెట్టలు చప్పుడుకి బెదిరి మళ్ళీ సర్దుకున్నాయి.

భూతద్దానికి అనడానికి ఇంకేమీ మిగల్లేదు. కోపం పూర్తిగా అనేయమంటే ఎంత కొంచెం ఉంటుందో మొదటిసారి చూసింది. వచ్చి మెట్టు కింద నేలమీద కూర్చుంది.

"ఆ నలభై పిల్లల్నీ తెచ్చిన రోజు నీకు తలనొప్పి" అంది అక్క. "పెట్టె నింపి, మొహం కడుక్కొస్తానని బయటికెళ్ళావట. గుర్తుందా?"

"ఉంది. వచ్చేసరికి చిల్లులు కొట్టి మూత పెట్టేశా పిన్నీ అంది. రోజూ అదే కొడుతుంది, నా గుర్తు."

"రోజూ నీ పెట్టెల్ని లోడింగు గదికి మోసేది కూడా అదే. అక్కడ ఇంకో దీపం పెట్టుకుంది."

"తెలుసు. కరెంటు దండగని తిట్టాను కూడా."

"ఆ దీపం ఎందుకనుకున్నావు?"

ఆమెకి జవాబు తెలిసిపోయింది. అక్క నోటినుంచి వినాలనీ ఉంది, వినకూడదనీ ఉంది.

"చేరిన రెండో నెల నుంచీ నీ పెట్టెలన్నీ అది రెండోసారి చూస్తోందే. తప్పు దొర్లినవి తీసి మార్చి, అప్పుడు నీ గుర్తు కొట్టి పంపిస్తోంది. ఆ రోజు మాత్రం పెట్టె లోడింగుకి వెళ్ళదు, నీతో మా ఇంటికి వస్తోంది. నువ్వు మొహం కడుక్కుని వచ్చేలోపు ఎంత చూడగలదు? నాలుగు పుంజుల్ని పట్టుకుని మార్చిందట. ఇంకా ఉన్నాయని తెలుసు. నీ అడుగులు వినపడ్డాయి. నీ గుర్తు కొడితే ఆ మచ్చ నీకు పడుతుందని..."

"తన గుర్తు కొట్టింది."

"ఆఁ. నలభైకీ."

పదకొండు. తన తప్పులు ఏడు కాదు, పదకొండు. భూతద్దం ఆ అంకెని చాలాసేపు లోపల పట్టుకుని ఉంది. ఇందాక గెంతిన సంతోషం ఎక్కడికి పోయిందా అని వెతికితే అది ఇంకా అక్కడే, సిగ్గుతో మొహం గోడకి తిప్పుకుని నిలబడి ఉంది. చిల్లు చెప్పింది అబద్ధం. ఆ అబద్ధం తనని కాపాడడానికి పుట్టింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"అది వద్దంది. చెప్తే పిన్ని రేపటినుంచి పనిలోకి రాదమ్మా అంది. నేను మాత్రం ఏం చెప్పను? నీ కళ్ళు బాగున్నాయి, దిగులుపడకు అంటే అబద్ధం. బాగాలేవంటే నువ్వేమైపోతావో అని భయం. అటూ ఇటూ కాక..." అక్క దొడ్లోకి చెయ్యి చూపించింది. "నీ పుంజుల్లాగే లేని గింజలు ఏరుకుంటున్నా నెలనుంచీ."

"ఇంకో మూడు వారాల్లో దానికి పరీక్ష కదా, పర్మనెంటుకి."

"అవును."

"ఈ ఏడు పుంజులూ దాని పేరు మీద పడితే?"

అక్క చెంగుతో మొహం తుడుచుకుంది. చెమటో మరొకటో భూతద్దానికి కనిపించలేదు. ఇద్దరి మధ్యా రెండడుగుల దూరమే ఉంది.

"డాక్టరుకి చూపించుకోవే" అంది అక్క మెల్లగా. "పొరేమో. తీసేస్తారేమో. నువ్వు అడగందే ఎవరు చెప్తారు?"

"చూపించుకుంటా." ఆ మాట తనే అన్నందుకు ఆశ్చర్యపడుతూ ఆమె అక్క మోకాలి మీద చెయ్యి వేసింది. "రేపే వెళ్తా. నువ్వూ రా. కానీ ముందు దాంతో మాట్లాడాలి. నాకు తెలిసిందని..."

వీధిలో కారు ఆగిన చప్పుడైంది.

బావ గొంతు మనిషికన్నా ముందు ఇంట్లోకి వచ్చింది. "మరదలా! ఓ మరదలు పిల్లా! ఎవరొచ్చారో చూడు! కాఫీ పెట్టవే ఇంటిదానా!"

వంటింటి గుమ్మంలోంచి బావ, ఆయన వెనక పొడుగ్గా, వినయంగా తల వంచి గుమ్మం దాటుతూ హేచరీ మేనేజరు, ఆయన వెనక అక్క కూతురు. అమ్మాయి హేచరీ యూనిఫారంలోనే ఉంది. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"దాణా కొట్టు దగ్గర కలిశారు" బావ ఉత్సాహంగా చెప్పాడు. "మాటల్లో మాటగా చెప్పా. మా మరదలు ఏడు పుంజుల్ని ఒకే దొడ్లో కాపరం చేయిస్తోంది సార్, మీ షెడ్లలో కూడా ఇంత క్రమశిక్షణ ఉండదు అన్నా. అబ్బే, నమ్మరే! అయితే వచ్చి చూడండి అన్నా. దారిలో హేచరీ దగ్గర మా అమ్మాయిని కూడా ఎక్కించుకున్నాం. ఇచ్చిన మాట ప్రకారం నేనైతే పుంజుల్ని అక్కడికి తీసుకెళ్ళలేదమ్మా, చూసుకో!" ఆయన దొడ్డివైపు తిరిగి చెయ్యి చాచాడు. "చూడండి సార్. పోలీసు లేకుండా ట్రాఫిక్కు ఎలా నడుస్తోందో!"

హెడ్మాస్టరు నీళ్ళు తాగుతోంది. నాలుగు గజాల దూరంలో కవి గింజలు తింటోంది. మేనేజరు నిజంగానే ముచ్చటపడి చూశాడు.

"వల తీసి ఎన్నాళ్ళయింది?"

"ఇవాళేనండీ" అంది భూతద్దం.

"ఇవాళేనా! బ్రహ్మాండం. ఇది మన షెడ్డువాళ్ళకి నేర్పాలి మీరు." కొంచెం ఆగాడు. ఆయన మంచివాడే. ఆ తర్వాతి మాట అనడానికి ఇబ్బందిపడుతున్నట్టు గొంతు సవరించుకున్నాడు. "ఏడు అన్నారు మీ బావగారు. నలభై పెట్టలకి ఏడు పుంజులు. మన హేచరీ పెట్టెలోవేనటగా?"

"మన పెట్టెలోవేనండీ."

"తప్పు మీది మాత్రం అయ్యుండదు. పంతొమ్మిదేళ్ళలో మీమీద ఒక్క మాట రాలేదు. ఎవరిదో తెలిస్తే, వాళ్ళకి ఇంకొంచెం తర్ఫీదు కావాలేమో చూద్దాం. ఒకదాన్ని పట్టుకోండి, గుర్తు చూద్దాం."

బావ నవ్వు సగంలో ఆగింది. ఏదో తప్పు జరిగిందని తెలిసింది, ఏమిటో తెలియలేదు. అక్క కాఫీ పెట్టడానికి లేవలేదు.

భూతద్దం గంప కప్పింది. చేతికి దొరికింది కవే. కాళ్ళు కడిగి ఉండడంవల్ల పసుపుగా, శుభ్రంగా మెరుస్తున్నాయి. చంకలో పెట్టుకుని వచ్చి మేనేజరు ముందు నిలబడింది.

"నేను చూసి లాభం లేదు" అన్నాడాయన, "మీరే చెప్పండి. మీరంటే నేను ఇంక రెండోసారి చూడక్కర్లేదు. ఎవరి చిల్లు?"

అమ్మాయి ముందుకు వచ్చింది. పనిలో ఏదో అందిస్తున్నంత మామూలుగా అంది. "ఎడమకాలు చూడు పిన్నీ."

ఆ గొంతులో వణుకు లేదు. ముందే ఎన్నోసార్లు లోపల అనుకుని పెట్టుకున్న మాటలా ఉంది. భూతద్దం ఆ పిల్ల మొహంకేసి చూసింది. కళ్ళు, ముక్కు, పెదవులు అన్నీ కొంచెం మసగ్గా, అంచులు కరిగి ఉన్నాయి. ఎన్నాళ్ళనుంచి ఈ మొహం తనకి ఇలా కనిపిస్తోందో, ఇదే అసలు మొహమని తను ఎప్పటినుంచి అనుకుంటోందో తెలియలేదు.

"ఏ కాలో నాకు తెలుసులేమ్మా" అంది.

కవిని వెల్లకిలా తిప్పింది. కుడికాలు పట్టుకుని, లోపలి రెండు వేళ్ళూ విడదీసి, నున్నటి ఆ తోలుమీద తన బొటనవేలు ఆనించి, వెలుతురులోకి ఎత్తి పట్టింది.

"నాదేనండీ" అంది. "కొంచెం పూడిపోయింది."

అమ్మాయి "పిన్నీ!" అని అరిచింది. మేనేజరు ఆ అరుపు విని ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, జేబులోంచి నెమ్మదిగా కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు.

"ఆ వేలు ఒక్కసారి తియ్యండమ్మా" అన్నాడు.